నర్సింగ్ హోంలో మందు ఎవరి చేతిది? – 'అయిదు నియమాల' బోధనపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• మందులు ఇవ్వడంలో పాటించవలసిన 'అయిదు నియమాలు' ఏమిటో, అవి ఎంతవరకు సరిపోతాయో వివరించగలుగుతారు.
• సిబ్బంది వృత్తి పరిధి గురించి మన చట్టాలు ఏమి చెబుతున్నాయో, ఏమి చెప్పకుండా వదిలేస్తున్నాయో పరిశీలించగలుగుతారు.
• ఒక చిన్న నర్సింగ్ హోంకు పనికివచ్చే పని విభజన పట్టికను తయారు చేయగలుగుతారు.

1. పరిచయం

మన విశ్వవిద్యాలయం జూబ్లీహిల్స్ కొండమీద ఉంది. కొండ దిగి యూసుఫ్‌గూడ వైపు వస్తే రహమత్ నగర్ వస్తుంది. పైన పెద్ద ఇళ్లు, ఫిల్మ్‌నగర్ స్టూడియోలు, పెద్ద ఆసుపత్రులు. కింద ఇరుకు గల్లీలు, ఒకదానికొకటి ఆనుకున్న మేడలు, కిరాయి గదులు. పైనున్న ఇళ్లలో మంచానపడ్డ పెద్దలను చూసుకునే అటెండర్లు, ఆసుపత్రుల్లో, నర్సింగ్ హోంలలో రాత్రి డ్యూటీ చేసే ఆయాలు, వార్డు బాయ్‌లు ఇలాంటి బస్తీల నుంచే వస్తారు. వారిలో కొందరు మన విద్యార్థులు కూడా. పగలు నిద్ర, రాత్రి డ్యూటీ, ఆదివారం కౌన్సెలింగ్ తరగతి.

ఈ పాఠం అలాంటి ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నతో మొదలవుతుంది. ఆమెది రహమత్ నగర్. ఇంటర్ చదివి, డిగ్రీలో చేరింది. ఒక చిన్న నర్సింగ్ హోంలో ఆయాగా చేరింది. ఆ నర్సింగ్ హోం పేరు ఇక్కడ అవసరం లేదు. రాత్రిపూట అక్కడ ఉండే సిస్టర్ ఒక్కరే. పై అంతస్తులో కాన్పు కేసు వస్తే సిస్టర్ అక్కడే ఉండిపోతుంది. కింది వార్డులో తొమ్మిది గంటల మాత్రలు ఇవ్వడం మొదట "కొంచెం ఈ మాత్రలు ఇచ్చిరా" అన్న మాటతో మొదలైంది. రెండు నెలలకు అది ఆమె రోజువారీ పని అయింది. ఆ తరువాత ఇన్సులిన్ కూడా.

ఒక రాత్రి షుగర్ ఉన్న ఒక పెద్దాయనకు ఇరవై యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వమని ఫోనులో చెప్పారు. బంధువులు బయట దుకాణం నుంచి తెచ్చిన సీసా, వార్డులో ఉన్న సిరంజి ఒకదానికొకటి జతకానివి. ఆమె సిరంజి మీద ఇరవై గీత వరకు ఎక్కించి ఇచ్చింది. తెల్లవారుజామున పెద్దాయనకు చెమటలు పట్టి స్పృహ తప్పింది. సిస్టర్ పరుగున వచ్చి గ్లూకోజ్ ఎక్కించడంతో ప్రాణం నిలిచింది. మరునాడు యాజమాన్యం ఆమెను పిలిచి వేసిన మొదటి ప్రశ్న: "నిన్నెవరు ఇయ్యమన్నరు?" ఆ సాయంత్రమే ఉద్యోగం పోయింది.

తరగతి అయిపోయాక ఆమె నాతో అన్న మాటలు ఇవి: "సార్, రోగి పేరు చూసిన, మందు పేరు చూసిన, ఎన్ని యూనిట్లో చూసిన, టైం చూసిన. అన్నీ చూసుకునే ఇచ్చిన. కానీ నేను ఇయ్యొచ్చా లేదా అన్నది ఎక్కడా రాసి లేదు. ఎనిమిది నెలలు ఎవ్వరూ అడగలే."

నేను బోధించింది ప్రభుత్వ పాలనాశాస్త్రం. ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో చెప్పడం నా పరిధిలోని పని కాదు. కానీ ఒక సంస్థలో ఎవరి పని ఏమిటి, ఎవరి బాధ్యత ఎంత అన్నది నా శాస్త్రం అడిగే ప్రశ్నే. ఆ దృష్టితోనే ఈ పరిశీలన.

2. 'నర్సింగ్ హోం' అన్న మాట

ఇంగ్లాండు, అమెరికాలలో నర్సింగ్ హోం అంటే వృద్ధులు, దీర్ఘకాల రోగులు ఏళ్ల తరబడి నివసించే సంరక్షణ గృహం. మన తెలుగు నేలమీద నర్సింగ్ హోం అంటే పది నుంచి ముప్ఫై మంచాల చిన్న ప్రైవేటు ఆసుపత్రి. కాన్పులు, జ్వరాలు, చిన్న ఆపరేషన్లు అక్కడ జరుగుతాయి. వాళ్లు నర్సింగ్ హోంలో చేసే పని మనకు వృద్ధాశ్రమాలలోనో, ఇంట్లో పెట్టుకున్న అటెండరు చేతిలోనో జరుగుతుంది.

ఈ తేడాను ఎందుకు గుర్తుంచుకోవాలంటే, రెండు చోట్లా ప్రమాదం పుట్టే తీరు ఒకటే అయినా చట్టం రెండింటినీ ఒకేలా చూడదు. 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం తన నిర్వచనంలో ఆసుపత్రి, ప్రసూతి గృహం, నర్సింగ్ హోం, డిస్పెన్సరీ, క్లినిక్ వంటి వాటిని పేర్కొంటుంది. వృద్ధాశ్రమం పేరు అందులో లేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అది జిల్లాకొక వృద్ధాశ్రమం ఉండాలని, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండాలని చెబుతుంది. అందులో సాయంత్రం మాత్రలు ఎవరు ఇవ్వాలో చెప్పదు. సంరక్షణ గృహాలను, ఇంటి వద్ద సేవలందించే ఏజెన్సీలను నమోదు చేసి కనీస ప్రమాణాలు విధించాలన్న సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు.

3. అయిదు నియమాలు: బలం, పరిమితి

నర్సింగ్ విద్యలో మొదటి సంవత్సరమే నేర్పే పాఠం ఇది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. ఏ తరగతి గోడమీదైనా రాసి పెట్టవచ్చు. గుర్తుంచుకోవడం తేలిక. దీని విలువను తక్కువ చేయవలసిన పని లేదు. పేరు అడగకుండా మాత్ర చేతిలో పెట్టే అలవాటును ఈ అయిదు మాటలు చాలాచోట్ల మాన్పించాయి.

అయితే మూడు లోపాలను గమనించండి.

మొదటిది, ఈ నియమాలు చేరవలసిన గమ్యాన్ని చెబుతాయి, దారి చెప్పవు. 'సరైన మోతాదు ఇవ్వాలి' అంటుంది నియమం. సీసా ఒక కొలతది, సిరంజి మరో కొలతది అయినప్పుడు ఏం చేయాలో చెప్పదు. అమెరికాలో మందుల భద్రతపై పనిచేసే ఐఎస్ఎంపీ సంస్థ కూడా ఈ అయిదింటినీ లక్ష్యాలుగా చూడాలే తప్ప భద్రతా విధానంగా చూడరాదని చెబుతూ వచ్చింది.

రెండవది, బరువంతా చివరి చేతిమీద పెడుతుంది. చీటీ రాసిన డాక్టరు, మందు అమ్మిన దుకాణం, నిల్వ పెట్టిన స్టోరు, ఫోనులో చెప్పిన గొంతు, ఇంతమందిని దాటి వచ్చిన పొరపాటును చివర నిలబడ్డ మనిషి పట్టుకోవాలి. పట్టుకోకపోతే తప్పు ఆ మనిషిదే.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. ఈ అయిదింటిలో ఎక్కడా 'సరైన మనిషి ఇస్తున్నారా?' అన్న ప్రశ్న లేదు. మందు ఇచ్చేవారు శిక్షణ పొందిన నర్సే అని పాఠం ముందే అనుకుంది. మన చిన్న నర్సింగ్ హోంలో ఆ ఊహ నిలవదు. అందుకే నా విద్యార్థిని అయిదు ప్రశ్నలూ వేసుకుంది. ఆరోదాన్ని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ప్రమాదం జరిగిన మరునాడు మాత్రం యాజమాన్యం ఆ ఆరో ప్రశ్నతోనే మొదలుపెట్టింది. ముందు అడిగి ఉంటే అది భద్రత అయ్యేది. తరువాత అడిగినందున శిక్ష అయింది.

4. సీసా, సిరంజి, మూడు ఉదాహరణలు

పరిధి అన్నది హోదాకు సంబంధించిన పట్టింపు కాదు, జ్ఞానానికి సంబంధించిన విషయం. ఈ మూడు ఉదాహరణలు చూడండి.

(అ) ఇన్సులిన్: మన దేశంలో రెండు గాఢతల ఇన్సులిన్ సీసాలు దొరుకుతాయి. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది మరొకటి. దేనికి తగ్గ సిరంజి దానికి వేరుగా ఉంటుంది. 40 రకానికి ఎర్ర మూత, 100 రకానికి నారింజ మూత. 40 సిరంజిలో 20 గీత వరకు ఎక్కిస్తే అర మిల్లీలీటరు వస్తుంది. సీసా 100 రకమైతే ఆ అర మిల్లీలీటరులో ఉండేది 50 యూనిట్లు. అంటే చెప్పిన మోతాదుకు రెండున్నర రెట్లు. పై సంఘటనలో జరిగింది ఇదే. చూడండి, ఆమె 'ఇరవై' అన్న అంకెను తప్పు చదవలేదు. ఆ అంకె వెనుక ఉన్న లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

(ఆ) మెథోట్రెక్సేట్: కీళ్లవాతానికి ఈ మాత్రను వారానికి ఒక్కసారే ఇస్తారు. మిగతా మాత్రలన్నీ రోజూ ఇచ్చే డబ్బాలో ఇదీ చేరితే రోజూ వేసేస్తారు. ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

(ఇ) నెమ్మదిగా కరిగే మాత్రలు: మాత్ర పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్ వంటి అక్షరాలు ఉంటే ఆ మందు గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదలయ్యేలా తయారు చేసినదని అర్థం. ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునే రోగికి ఇవ్వడానికి దానిని నూరితే, రోజంతా పనిచేయవలసిన మోతాదు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. నూరిన మనిషి దృష్టిలో అది సేవ. రోగి మింగలేడు కదా అన్న దయతో చేసిన పని.

ఈ మూడింటిలోనూ నిర్లక్ష్యం కంటే తెలియకపోవడమే ఎక్కువ. పైగా పట్టీల మీద పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. చార్టులో ఓడీ, బీడీ, టీడీఎస్, హెచ్ఎస్ అన్న పొట్టి గుర్తులు ఉంటాయి. రహమత్ నగర్ వంటి చోట ఆయా తెలుగో ఉర్దూనో చదువుతుంది. మందులను జనరిక్ పేర్లతో, స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలలో రాయాలని వైద్యులకు 2016లో నిబంధన తెచ్చారు. ఆ పెద్ద అక్షరాలు కూడా ఆమెకు తెలిసిన భాషలోవి కావు.

5. రెండు సంఘటనలు

మొదటిది న్యాయస్థానానికి వెళ్లినది. 1993 డిసెంబరులో నోయిడాలోని ఒక నర్సింగ్ హోంలో టైఫాయిడ్‌తో చేరిన పసివాడికి నర్సు నరంలోకి ఒక ఇంజెక్షన్ ఇచ్చింది. తల్లి ఒడిలోనే పిల్లవాడు కుప్పకూలాడు. మెదడు శాశ్వతంగా దెబ్బతిన్నది. ఆ నర్సుకు తగిన అర్హత లేదని తేలింది. జాతీయ వినియోగదారుల కమిషన్ పిల్లవాడికి 12.5 లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షల రూపాయల పరిహారం విధించింది. 1998లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. స్ప్రింగ్ మెడోస్ హాస్పిటల్ కేసుగా ఇది ప్రసిద్ధం. ఇందులో మనకు ముఖ్యమైన అంశం ఒకటుంది. కోర్టు నర్సు దగ్గర ఆగిపోలేదు. ఇంజెక్షన్‌ను ఆమె చేతికి వదిలేసిన డాక్టరును, అర్హత లేనివారిని పనిలో పెట్టుకున్న ఆసుపత్రిని కూడా బాధ్యులను చేసింది. అంటే ఆరో ప్రశ్నకు జవాబు చెప్పవలసింది యాజమాన్యమే అని అంగీకరించింది.

రెండవది మన హైదరాబాదులోనిది, ప్రభుత్వ రంగంలోనిది. 2019 మార్చిలో నాంపల్లి పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసిపిల్లలకు, జ్వరం రాకుండా ఇచ్చే పారాసెటమాల్‌కు బదులు ట్రమడాల్ మాత్రలు ఇచ్చినట్లు బయటపడింది. ట్రమడాల్ గట్టి నొప్పి మందు. 2018లోనే దానిని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. పిల్లలను నీలోఫర్ ఆసుపత్రికి తరలించారు. పసిప్రాణాలు పోయాయి. ఇక్కడ 'అర్హత లేని ఆయా' అన్న సమాధానం చాలదు. పసిపిల్లల టీకా గదిలోకి ఆ మాత్ర ఎలా చేరింది, స్టోరు నుంచి బల్లమీదికి వచ్చేలోపు రెండవ మనిషి ఎవరైనా చూశారా అన్నది అసలు ప్రశ్న.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. పరిధిని రాయకపోతే ఏమవుతుందో మొదటిది చెబుతుంది. అర్హత ఉన్నవారిని పెట్టుకున్నంత మాత్రాన సరిపోదని, రెండో చూపు కూడా ఉండాలని రెండవది చెబుతుంది.

6. చట్టం లెక్కించేది, లెక్కించనిది

ఫార్మసీ చట్టం (1948) డాక్టరు చీటీపై మందును తయారు చేసి ఇచ్చే పనిని రిజిస్టర్డ్ ఫార్మసిస్టుకు పరిమితం చేసింది. షెడ్యూల్ హెచ్1 మందులు అమ్మిన దుకాణం 2014 నుంచి ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. నర్సింగ్ కౌన్సిల్ చట్టం (1947) నర్సుల శిక్షణకు దేశమంతటా ఒకే ప్రమాణం కోసం వచ్చింది. 2023లో పార్లమెంటు నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని చేసింది. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నమోదుకు కనీస సౌకర్యాలు, కనీస సిబ్బంది, రికార్డులు ఉండాలని షరతు పెట్టింది.

ఇన్ని చట్టాలున్నా మందు దుకాణం గడప దాటాక దాని ప్రయాణం మసకబారుతుంది. దుకాణంలో ఎవరు అమ్మారో రాసి ఉంటుంది. వార్డులో ఎవరు ఇచ్చారో చాలాచోట్ల రాసి ఉండదు. ఎంతమంది సిబ్బంది అన్నది తనిఖీ అధికారి లెక్కిస్తారు. రాత్రి రెండు గంటలకు ఎవరి పని ఎవరు చేస్తున్నారన్నది ఆ లెక్కకు అందదు. చట్టం తలలను లెక్కించింది, పనులను లెక్కించలేదు. నా విమర్శ సారం ఇదే.

7. ఒక అభ్యంతరం

"ఇవన్నీ పెద్ద ఆసుపత్రులకు సాధ్యం. ఇరవై మంచాల నర్సింగ్ హోం షిఫ్టుకు ఇద్దరు జీఎన్ఎంలను పెట్టుకుంటే బిల్లు పెరుగుతుంది. రహమత్ నగర్ రోగి ఆ బిల్లు కట్టగలడా?" ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనిని తోసిపుచ్చకూడదు. చిన్న నర్సింగ్ హోం లేకపోతే అర్ధరాత్రి నొప్పులొచ్చిన బస్తీ స్త్రీకి దగ్గరలో దిక్కు ఉండదు.

కానీ ఈ వాదనలో రెండు విషయాలు కలిసిపోయాయి. నర్సును పెట్టుకోవడానికి డబ్బు కావాలి, నిజమే. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కేంద్ర కమిటీ 2016లో, 50 మంచాల కంటే చిన్న ఆసుపత్రులలోనూ నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. చిన్న యాజమాన్యాలకు ఇది బరువే కావచ్చు. అయితే ఆయా ఏమి చేయకూడదో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించడానికి డబ్బు అక్కరలేదు. డబ్బు లేకపోవడం సిబ్బంది కొరతకు కారణం కావచ్చు. పరిధి రాయకపోవడానికి కారణం వేరే ఉంది. రాస్తే ఆ పని యాజమాన్యం తానే చూసుకోవాలి. రాయకపోతే పని ఆయాతో జరుగుతుంది, తప్పూ ఆయాదే అవుతుంది.

రాసినంత మాత్రాన అంతా బాగుపడుతుందని కూడా అనుకోవద్దు. ఇంగ్లాండులో 55 సంరక్షణ గృహాలలోని 256 మంది వృద్ధులపై చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. వారిలో నూటికి దాదాపు డెబ్బై మంది విషయంలో మందు రాయడంలోనో, అందించడంలోనో, ఇవ్వడంలోనో, పర్యవేక్షణలోనో ఏదో ఒక పొరపాటు కనిపించింది. ఇన్ని నిబంధనలున్న దేశంలోనే ఇలా జరిగింది. అందుకే 2014లో అక్కడి నైస్ సంస్థ సంరక్షణ గృహాలలో మందుల నిర్వహణకు ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల హానిని తగ్గించే ఉద్యమాన్ని ప్రారంభించి, తీవ్రమైన, నివారించగల హానిని అయిదేళ్లలో సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. పరిధి రాయడం మొదటి మెట్టు మాత్రమే. కానీ మొదటి మెట్టు లేకుండా మేడ ఎక్కలేం.

8. ఆరో ప్రశ్నకు జవాబు: మూడు గళ్ల పట్టిక

చిన్న నర్సింగ్ హోంకు సరిపోయే పట్టికను ఇలా సూచిస్తున్నాను. దీనిని తెలుగులోను, అవసరమైన చోట ఉర్దూలోను రాసి వార్డులో పెట్టాలి.

మొదటి గడి – ఆయా, అటెండరు స్వయంగా చేయదగినవి: రోగిని లేపి కూర్చోబెట్టడం, నీళ్లు ఇవ్వడం, తిన్నదీ తిననిదీ రాయడం, మత్తు, చెమట, వాంతి, దద్దుర్లు కనిపిస్తే వెంటనే సిస్టర్‌ను పిలవడం.

రెండవ గడి – శిక్షణ పొంది, నర్సు పర్యవేక్షణలో మాత్రమే చేయదగినవి: నర్సు వేరు చేసి రోగి పేరు రాసి పెట్టిన మాత్రలను అందించి, మింగే వరకు ఉండి, చార్టులో సంతకం చేయడం.

మూడవ గడి – ఏ పరిస్థితిలోనూ చేయకూడనివి: ఇన్సులిన్ సహా ఏ ఇంజెక్షనైనా ఇవ్వడం, సెలైన్‌లో మందు కలపడం, ముక్కు గొట్టంలో మందు వేయడం, మాత్రలు నూరడం, ఫోనులో చెప్పిన మందును ఇవ్వడం, కొత్తగా రాసిన మందు మొదటి మోతాదు ఇవ్వడం.

నర్సుకూ ఒక నియమం ఉండాలి. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ వంటి ప్రమాదకరమైన మందులను ఇద్దరు చూసిన తరువాతే ఇవ్వాలి. ఫోను ఆదేశాన్ని విన్నవారు తిరిగి చదివి వినిపించాలి. డాక్టరు వచ్చాక సంతకం చేయాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. మూడవ గడిలోని పని చెప్పినప్పుడు "ఇది నా పని కాదు, సిస్టర్‌ను పిలుస్తా" అన్న ఆయాను తిట్టకూడదు, ఉద్యోగం తీయకూడదు. ఈ మాట కూడా పట్టిక కిందే రాసి, యజమాని సంతకం చేయాలి. కాదనే హక్కు లేనివారికి పరిధి ఉన్నా లేనట్టే.

9. సారాంశం

అయిదు నియమాలు అవసరమైనవే, కానీ చాలవు. అవి శిక్షణ పొందిన నర్సును ఊహించుకుని రాసినవి. మన చిన్న నర్సింగ్ హోంలలో, వృద్ధాశ్రమాలలో, ఇళ్లలో మందు ఇచ్చే చేయి చాలాసార్లు ఆ నర్సుది కాదు. చట్టాలు నమోదును, అర్హతను, అమ్మకాన్ని పట్టించుకున్నంతగా చివరి చేతిని పట్టించుకోలేదు. 'ఈ మందు ఇవ్వడం ఎవరి పని?' అన్న ప్రశ్నను ప్రమాదానికి ముందే అడిగి, జవాబును రాసిపెట్టి, ఆ జవాబుకు యాజమాన్యం కట్టుబడితేనే రోగికీ, ఆయాకూ రక్షణ.

నా విద్యార్థిని ఇప్పుడు మరో చోట పనిచేస్తోంది. చేరిన మొదటి రోజే "ఇక్కడ నేను ఏ పనులు చేయకూడదో చెప్పండి" అని అడిగిందట. మీలో ఎవరైనా అలాంటి ఉద్యోగంలో చేరితే, జీతం ఎంత అని అడిగిన తరువాత అడగవలసిన రెండవ ప్రశ్న అదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అయిదు నియమాలు ఏవి? వాటిలోని మూడు లోపాలను మీ మాటల్లో రాయండి.
2. 40 సిరంజితో 100 రకం ఇన్సులిన్‌ను 30 గీత వరకు తీస్తే రోగికి ఎన్ని యూనిట్లు చేరతాయి? లెక్క చూపండి.
3. స్ప్రింగ్ మెడోస్ కేసులోను, నాంపల్లి సంఘటనలోను మందు భద్రత ఏయే చోట్ల తెగిపోయిందో పోల్చండి.
4. మీ ఇంటికి దగ్గరలోని ఒక నర్సింగ్ హోం లేదా వృద్ధాశ్రమానికి వెళ్లి, రాత్రి మాత్రలు ఎవరు ఇస్తారో మర్యాదగా అడిగి తెలుసుకోండి. మీరు విన్న జవాబు పై పట్టికలో ఏ గడిలోకి వస్తుందో పేరు రాయకుండా వివరించండి.